దొంగ సీసా

జూన్ 12

పాలు, గోధుమ, గుడ్డు, వేరుశనగ, సోయా. ఈ అయిదూ ఇవాళ్టి నుంచి మా ఇంట్లో లేవు. అరల్లో ఉన్నవన్నీ రెండు సంచుల్లో సర్ది, పక్క వీధిలో అక్కకి ఇచ్చి వచ్చాను. అక్క సంచిలోకి తొంగి చూసి, "ఏంటే, ఇల్లు ఖాళీ చేస్తున్నారా?" అంది.

పాప కడుపునొప్పి సంగతి మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. అక్కకి ఏదైనా ప్రతిసారీ మొదటి నుంచే చెప్పాలి. స్కూలుకి బయల్దేరే వేళకి మెలిపెడుతుందని, స్కానింగులో ఏమీ లేదని, రక్తపరీక్షలోనూ ఏమీ లేదని, చివరికి డాక్టరు డైటీషియన్ దగ్గరికి పంపారని.

"పన్నెండేళ్ళ పిల్ల. ఎదిగే వయసు. నా బొద్దుని ఎండగట్టకే తల్లీ" అంది అక్క. పుట్టినప్పుడు బుగ్గలు చూసి ఆ పేరు పెట్టింది తనే. ఇంటిల్లిపాదికీ అదే అలవాటైపోయింది.

డైటీషియన్ చెప్పింది సూటిగానే ఉంది. మూడు వారాలు అన్నీ ఆపాలి. నొప్పి తగ్గితే, ఒక్కొక్కటే తిరిగి పెట్టి చూడాలి. "ఆపడం సులువే మేడమ్. తిరిగి పెట్టడం దగ్గరే చాలామంది జారిపోతారు" అంది. నాలో నేను నవ్వుకున్నాను. ఊరి తాగునీళ్ళు పరీక్షించడం నా ఉద్యోగం. పద్ధతి గురించి నాకు చెబుతోంది.

జూన్ 15

నొప్పి లేదు.

జూన్ 19

నొప్పి లేదు. రాయడానికి భయంగా ఉంది, దిష్టి తగులుతుందేమోనని. చదువుకున్నదాన్ని, ఇలా రాస్తున్నాను.

ఈమధ్య పాప స్కూలు నుంచి రాగానే వంటింటి గట్టెక్కి కూర్చుంటోంది. పొట్లాల మీద చిన్న అక్షరాలు చదివి, "అమ్మా, ఇందులో గోధుమ ఉంది. దాచిపెట్టి రాశారు చూడు" అంటుంది. పోయిన ఏడాదంతా గది తలుపు వేసుకుని ఉన్న పిల్ల ఇదే. ఉల్లిపాయలు తరుగుతూ ఇద్దరం ఏదో ఒకటి మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఏం మాట్లాడుకున్నామంటే మాత్రం, తిండి గురించే.

ఆయన తను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణంలో రొట్టె తిని వచ్చారు. చొక్కా మీద పొడి చూసి పాప పట్టేసింది. "నాన్నా, దొరికిపోయావ్!"

"ఇంట్లో ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు తయారయ్యారు. లంచం ఎవరికివ్వాలి చెప్పండి" అన్నారాయన. చాలా రోజులకి ముగ్గురం ఒకేసారి నవ్వాం.

జూలై 4

పాలు మొదలుపెట్టాల్సింది ఇవాళ. పాపకి పరీక్షలు దగ్గర పడ్డాయి. అయ్యాక చూద్దాం.

జూలై 13

పొద్దున కొంచెం నొప్పి. నిన్న టమాటా వేశాను, అదే అయ్యుంటుంది. టమాటా ఆపేశాను. డైటీషియన్‌ని అడగాల్సిందేమో. ఆదివారం కదా.

జూలై 21

పరీక్షలయ్యాయి. జలుబు చేసింది. జలుబులో పాలు పెడితే ఏది దేనివల్లో తెలియదు.

స్కూలు స్కర్టు వదులైందంటే హుక్కు జరిపి కుట్టాను. పొడవవుతోంది. ఈ వయసులో పిల్లలు సాగుతారు, అడ్డం తగ్గుతుంది. బరువు చూద్దామంటే మెషీన్‌లో బ్యాటరీలు అయిపోయాయి. తేవాలి.

జూలై 29

అరటిపండు కూడా పడట్లేదంది. ఆపాను.

బ్యాటరీలు తేవాలి.

ఆగస్టు 2

డైటీషియన్ ఫోన్ చేసింది. ల్యాబులో చేతికి గ్లవ్స్ ఉన్నాయి, ఎత్తలేదు. తర్వాత చేద్దామనుకున్నాను.

ల్యాబులో ఊపిరి సలపని పని. పాత కాలనీ నుంచి నీళ్ళు బూజు వాసన వస్తున్నాయని వరసగా ఫిర్యాదులు. వాసన పరీక్షకి మిషను లేదు, ముక్కే. నలుగురం సీసాలు వాసన చూసి, ఎవరికి తోచింది వాళ్ళం విడిగా రాస్తాం.

పాపకి ఇప్పుడు పడేవి: అన్నం, బంగాళాదుంప, క్యారెట్, ఆపిల్. నొప్పి మాత్రం లేదు. మరి మేలే కదా జరిగింది? బాగున్నదాన్ని కెలకడం ఎందుకు?

ఆగస్టు 9

ఇవాళ గొడవైంది.

స్కూలు బెల్టుకి ఇంకో చిల్లు కావాలని పాప అడిగితే, దుకాణంలో ఫ్రేములకి చిల్లులు వేసే చిన్న డ్రిల్లు తెచ్చి వేశారాయన. వేసి, బెల్టు చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నారు. పాత చిల్లుకీ కొత్త చిల్లుకీ మధ్య బొటనవేలు ఆనించి చూశారు. వంటింట్లోకి వచ్చి బెల్టు నా ముందు పెట్టారు.

"నేను కళ్ళజోళ్ళు అమ్ముకునేవాణ్ణి. నాకే కనిపిస్తోంది. నీకు కనపడట్లేదా?"

"పాలు పెట్టమంటారా? రేపు అది మెలికలు తిరిగిపోతే మీరు సెలవు పెట్టి కూర్చుంటారా?"

"పెడతాను."

"ఎప్పుడు పెట్టారని?"

"ఇది వైద్యమో పట్టుదలో నాకర్థం కావట్లేదు" అన్నారు.

ఎప్పుడొచ్చిందో, గుమ్మంలో పాప నిలబడి ఉంది. "నాన్నా, నాకు బాగానే ఉంది. ఆకలి వెయ్యట్లేదు, అంతే" అంది. మా ఇద్దరికీ రాజీ చేస్తున్నట్టు, పెద్దదానిలా అంది.

నా వైపు మాట్లాడింది. సంతోషపడ్డాను.

ఆగస్టు 16

అక్క వచ్చింది. గుమ్మంలోంచే "బొద్దూ!" అని పిలిచింది. పాప వచ్చి నిలబడింది. అక్క చేతిలో సంచి జారింది.

"నేనిప్పుడు బొద్దు కాదుగా పెద్దమ్మా" అంది పాప, నవ్వుతూ. ఆ నవ్వు నాకు తెలుసు. వ్యాసరచనలో మొదటి బహుమతి తెచ్చిన రోజు ఇలాగే నవ్వింది.

వంటింట్లో అక్క గొంతు తగ్గించి, "దానికి జబ్బు కాదే, భయం. తిండంటే భయం పట్టుకుంది" అంది.

"నువ్వెప్పుడయ్యావు డాక్టరువి?"

"డాక్టర్ని కాదులే. చదువూ లేదు. ఇద్దరు పిల్లల్ని పెంచాను, అంతే."

"వాళ్ళకి నొప్పి రాలేదు కాబట్టి పెంచగలిగావు" అన్నాను. అనకూడని మాట. అక్క టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయింది.

ఆగస్టు 20

పాలు పెట్టాను. వాళ్ళ నోళ్ళు మూయించడానికే పెట్టాననిపిస్తోంది. గ్లాసులో అడుగున కొంచెం. పాప ముక్కు మూసుకుని తాగింది. కాసేపట్లోనే మోకాళ్ళు పొట్టకి ముడుచుకుని సోఫాలో పడుకుంది. వేణ్ణీళ్ళ సీసా పెట్టి పక్కన కూర్చున్నాను.

ఇది నాకోసమే రాసుకుంటున్నాను కాబట్టి రాయాలి. దాని నుదురు నిమురుతూ ఉండగా నాకు ఊరటగా అనిపించింది. నేను చెప్పిందే నిజమైంది. ఆయన రాగానే "చూశారా?" అన్నాను. ఆయన లోపలికెళ్ళి పాప కాళ్ళ దగ్గర కూర్చున్నారు.

ఆగస్టు 23

ఇవాళ దొరికిపోయాను.

మా సెక్షన్లో ఒక ఆనవాయితీ ఉంది. పెద్దాయన ఎప్పుడో ఒకసారి, వచ్చిన నమూనాల మధ్య ఒట్టి డిస్టిల్డ్ వాటర్ సీసా ఒకటి దూరుస్తారు. దానికీ మిగతావాటిలాగే నంబరు, చిరునామా, అన్నీ ఉంటాయి. ఏది ఆ సీసానో ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. మేం దాన్ని దొంగ సీసా అంటాం. అందులో ఎవరికైనా ఏదైనా కనిపించిందంటే, వాళ్ళు నీళ్ళని కాకుండా తమ అనుమానాన్ని పరీక్షించారన్నమాట. ఎవరు దొరికిందీ పెద్దాయన పేరు పెట్టి చెప్పరు. టీ దగ్గర ఎవరు మాట్లాడకుండా ఉన్నారో చూస్తే తెలిసిపోతుంది.

ఇవాళ టీ దగ్గర నేనే మాట్లాడలేదు. పాత కాలనీ అని చీటీ ఉన్న సీసా ఎత్తి వాసన చూసి "బూజు వాసన, స్పష్టంగా" అని రాశాను. నిజంగా వచ్చింది వాసన. ఇప్పుడు తలుచుకుంటే కూడా ముక్కులో ఉంది. అందులో డిస్టిల్డ్ వాటర్ తప్ప ఏమీ లేదు.

వెళ్ళబోతుంటే పెద్దాయన, "బాధపడకమ్మా. ముక్కు అబద్ధమాడదు. దానికి ముందే మనం చెప్పిపెడతాం" అన్నారు.

బస్సులో వస్తూ పాల గ్లాసు గురించే ఆలోచించాను.

ఆగస్టు 24

పాలపొడి కొన్నాను. మెదిపిన బంగాళాదుంపలో చిటికెడు కలిపాను. ఆయనకి కూడా చెప్పలేదు. చెబితే పరీక్ష పాడవుతుంది.

దాని మంచికే.

ఆగస్టు 25

ఏమీ లేదు.

ఆగస్టు 26

ఏమీ లేదు. పొడి ఎక్కువ వేశాను.

ఆగస్టు 29

ఏమీ లేదు. పైగా, "అమ్మా, ఈమధ్య బంగాళాదుంప బాగుంటోంది. ఏం వేస్తున్నావ్?" అంది.

"ఉప్పు సరిగ్గా పడుతోందిలే" అన్నాను.

మళ్ళీ పెట్టించుకుంది. అది మళ్ళీ పెట్టించుకుని ఎన్నాళ్ళయిందో. గిన్నె కడిగే వంకతో గోడవైపు తిరిగి నిలబడ్డాను.

ఇక్కడితో ఆపితే బాగుంటుందా? అలా కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతే? కానీ ఇది సగం పరీక్షే.

సెప్టెంబరు 1

బియ్యం నానబెట్టి రుబ్బి, పల్చటి గుడ్డలో వడకట్టాను. చూడ్డానికి అచ్చం పాలే. గ్లాసులో పోసి, "ఇవాళ పాలు మళ్ళీ చూద్దామా?" అన్నాను.

దాని మొహంలో రంగు పోయింది. వద్దనలేదు. నేనడిగితే వద్దనదు. సగం తాగింది. గ్లాసు కింద పెట్టేలోపే పొట్ట పట్టుకుంది. వాంతి చేసుకుంది. నుదుటి మీద చెమట, చేతులు చల్లగా. నటన కాదు. అలా ఎవరూ నటించలేరు.

జుట్టు వెనక్కి పట్టుకుని వీపు రాశాను. "అయిపోయింది, అయిపోయింది తల్లీ" అంటూనే ఉన్నాను. లోపల మాత్రం ఇంకో మనిషి నిలబడి, జవాబు వచ్చింది అంటోంది.

సెప్టెంబరు 2

చెప్పేశాను.

చెబితే తేలికపడుతుందనుకున్నాను. నేనైతే పడేదాన్ని. నా శరీరంలో ఏ లోపమూ లేదని ఎవరైనా రుజువు చూపిస్తే ఎగిరి గంతేసేదాన్ని. అందుకే సాయంత్రం బల్ల దగ్గర ఎదురుగా కూర్చోబెట్టుకుని, ల్యాబులో రిపోర్టు చదివినట్టు, వరసగా చెప్పాను. నిన్న నువ్వు తాగినవి పాలు కావు. బియ్యం నీళ్ళు. అంతకుముందు వారం అంతా నువ్వు పాలు తింటూనే ఉన్నావు. నీకేమీ కాలేదు. అంటే నీకు పాలు పడతాయి!

నవ్వుతూ చెప్పాను. నా నవ్వు నాకు గుర్తుంది.

"వారం అంతానా?" అంది.

"అవును నాన్నా. చూశావా?"

"బంగాళాదుంపలోనా?"

"అవును."

"నేనడిగాను కదా. ఏం వేస్తున్నావని. ఉప్పన్నావు."

నేను పరీక్ష అలాగే చెయ్యాలని, ముందే చెబితే తెలిసేది కాదని, ఏదో చెప్పుకుంటూ పోయాను. అది వినడం లేదు.

"అయితే నాది అబద్ధం నొప్పంటావా?"

"కాదమ్మా. నొప్పి నిజమే. పాల వల్ల కాదంటున్నాను."

"మరి దేనివల్ల?"

నాకు ఏది కాదో మాత్రం తెలుసు. ఇన్నాళ్ళూ నేను చేసింది అదే.

అది లేచి, ముందున్న కంచం అలాగే తీసుకెళ్ళి, అన్నం చెత్తబుట్టలో వేసి, కంచం కడిగి, తుడిచి, అరలో పెట్టింది. గది తలుపు వేసుకుంది. చప్పుడు కాకుండా వేసుకుంది.

సెప్టెంబరు 3

తినలేదు.

సెప్టెంబరు 4

తినలేదు. నేను పోసిచ్చిన నీళ్ళు సింకులో పారబోసి, గ్లాసు కడుక్కుని కుళాయి నుంచి తనే పట్టుకుంది. ఊరంతా నా సంతకం చూసి తాగుతుంది నీళ్ళు.

సెప్టెంబరు 5

ఆయన తెచ్చిన ఆపిల్ తింది. నేను తరిగిస్తానంటే చెయ్యి వెనక్కి తీసుకుంది.

సెప్టెంబరు 6

ఆయన టీవీ కింద సొరుగు తెరిచి బ్యాటరీలు తీశారు. అక్కడే ఉన్నాయి. ఎప్పుడూ అక్కడే ఉంటాయి. ఆ సొరుగు నేను రోజూ తెరుస్తాను.

పాప మెషీను ఎక్కింది. ఆయన వంగి చూసి, కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. ఆ అంకె ఇక్కడ రాయను. రాయలేను.

ఆసుపత్రిలో చేర్చుకున్నారు.

సెప్టెంబరు 8

ఆయన సెలవు పెట్టారు. మంచం పక్క స్టూలు మీద ఆయన కూర్చుంటున్నారు. నేను వరండాలో. నేను లోపల ఉంటే పాప ట్రే ముట్టుకోదు. అలాగని ఎవరూ నాతో చెప్పలేదు. నాకే తెలిసింది.

డాక్టరమ్మ నాకంటే చాలా చిన్నది. జరిగిందంతా దాచకుండా చెప్పాను, దొంగ సీసాతో సహా. తిడుతుందని చూశాను. తిట్టలేదు. "మీ పరీక్షలో తప్పు లేదండీ. పాలు తనకి పడతాయి" అంది. ఆగి, "కానీ పాపకి మందు ఇప్పటిదాకా మీరే. ఇప్పుడు ఆ మందు మీద నమ్మకం పోయింది. బరువు మేం ఎక్కించగలం" అంది. 

సెప్టెంబరు 10

నొప్పి ఎక్కడ మొదలైందో పాప డాక్టరమ్మకి చెప్పిందట. నాకు ఆయన చెప్పారు, వరండాలో, నా మొహం చూడకుండా.

స్కూల్లో ఆటల పీరియడ్లో అందరినీ వరసగా నిలబెట్టి బరువు చూసి పైకి చదివారట. అంతకుముందు ఎప్పుడో అక్క స్కూలుకి వెళ్ళి గేటు దగ్గర "బొద్దూ" అని పిలిచింది. క్లాసంతా విన్నారు. బరువు చదివిన రోజు నుంచి అందరూ అదే పేరు. ఆటల పీరియడ్ ఉన్న రోజుల్లో పొద్దున కడుపు మెలిపెట్టేది. మేం తిండి ఆపగానే, ఇక సన్నబడతానన్న ధైర్యంతో నొప్పి తగ్గింది. సన్నబడ్డాక ఆ పేరూ ఆగింది. తింటే మళ్ళీ వస్తుందని దానికి భయం. ఏది వస్తుందని అడిగితే, నొప్పో పేరో తనకే తెలియదందట.

"మనతో చెప్పలేదేం?" అన్నాను.

"నువ్వడిగావా?" అన్నారు. కోపంగా కాదు.

అడిగాను. రోజూ, అది సంచి దించకముందే అడిగాను. ఇవాళ ఏం తిన్నావని.

సెప్టెంబరు 17

ఇంటికి తెచ్చాం. వారానికోసారి తీసుకెళ్ళి చూపించాలి. బాగవడానికి చాలాకాలం పట్టొచ్చన్నారు. పూర్తిగా అని మాత్రం ఎవరూ అనలేదు.

తొక్క ఉన్నవి తింటుంది, తనే ఒలుచుకుంటే. సీలు ఉన్నవి తింటుంది, తనే చింపితే. డైటీషియన్ ఇచ్చిన కాగితంలో ఇలాంటి జాబితా ఎక్కడా లేదు.

అక్క వచ్చింది. గుమ్మంలో తన నోట్లోంచి సగం పేరు వచ్చి ఆగిపోయింది. ఏమని పిలవాలో తెలియక చెప్పులు విడుస్తూ అక్కడే ఉండిపోయింది. నేను వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. "నేనే కదే దాన్ని..." అంది. "కాదక్కా" అన్నాను. అవునో కాదో నాకు తెలియదు. తప్పు ఎవరిదని జాబితా రాస్తే నా పేరు అక్క పేరు కంటే పైన ఉంటుందని మాత్రం తెలుసు.

సెప్టెంబరు 20

బంగాళాదుంప వైపు చూడదు.

సెప్టెంబరు 24

వాళ్ళ నాన్న చేత గుడ్లు తెప్పించుకుంది. సాయంత్రం వంటింట్లోకి వచ్చి తనే గిన్నె కడిగి, తనే నీళ్ళు పట్టి, స్టవ్ వెలిగించింది. నేను సింకు దగ్గర ఉన్నాను.

"బయటికి వెళ్ళనా?" అన్నాను.

ఆలోచించింది. "ఉండు. అక్కడే ఉండు."

అక్కడే ఉన్నాను. నీళ్ళు మరుగుతుంటే గట్టెక్కి కూర్చుంది, జూన్‌లో కూర్చున్న చోటే. దాని మణికట్లు చూడకుండా ఉండటానికి కిటికీ చూశాను.

గుడ్డు చల్లార్చి, లైటుకి ఎత్తి పట్టి, చుట్టూ తిప్పి చూసింది. గీత కోసం వాళ్ళ నాన్న అద్దాన్ని చూసినట్టు. చిల్లు కోసం వెతుకుతోందని కాసేపటికి అర్థమైంది.

"అమ్మా."

నన్ను అలా పిలిచి చాలా రోజులైంది.

"పెంకు పగలకుండా గుడ్డులో ఏమైనా కలపొచ్చా? ల్యాబులో వాళ్ళకి కూడా కుదరదా?"

సూది గురించి ఆలోచన వచ్చింది. దానికి చిల్లు పడుతుంది. ఉడికేటప్పుడు అక్కడ చీలుతుంది, తెల్లసొన బయటికొస్తుంది. అన్నీ ఆలోచించాకే చెప్పాను.

"కలిపితే చిల్లు కనిపిస్తుంది. దీనికి లేదు. నువ్వే చూశావు."

నా మొహం చాలాసేపు చూసింది. అనుమానం ఉన్న సీసాని నేనెలా చూస్తానో అలా. తర్వాత పెంకు తీయడం మొదలుపెట్టింది, చిన్న చిన్న ముక్కలుగా, కంచం అంచున పోగేస్తూ.

అలవాటు కొద్దీ ఉప్పు డబ్బా దాని వైపు జరిపాను.

అరచేత్తో గుడ్డుని మూసేసింది.

డబ్బా వెనక్కి తీసుకున్నాను. ఉప్పు లేకుండానే తింది. మొత్తం తింది.